కొలువు కింద పిండి: ఒక బొమ్మల కొట్టులో పుచ్చు పురుగు కేసు

కోస్తాలో ఒక పాత బజారు వీధి. పదడుగుల వెడల్పు, పదహారడుగుల లోతు ఉన్న కొట్టు. యజమానికి డెబ్భై దాటాయి. ఊరి పేరు, కొట్టు పేరు ఇక్కడ అవసరం లేదు, ఆయన్ని పెద్దాయన అంటే చాలు. అమ్మేవి చేతితో చేసిన బొమ్మలే. ప్లాస్టిక్ ముక్క గడప దాటి లోపలికి రాదు, సంచితో సహా. చెక్క బొమ్మలు 640 దాకా ఉన్నాయి. అందులో 380 కొండపల్లివి, 190 ఏటికొప్పాక లక్క బొమ్మలు, మిగతా 70 నిర్మల్ బొమ్మలూ, ఎక్కడివో తెలియని పాతవీ. ఇవి కాక ఇత్తడి, రాగి చిట్టి సామాను వేరే ఉంది: బొటనవేలంత బిందెలు, రూపాయి బిళ్లంత అట్లపెనాలు, తిరగలి, రోలు.

ఆయన అలవాట్లలో మూడు ఈ కేసుకి ముఖ్యం. మొదటిది, కొట్టులో బొమ్మల కొలువు ఏడాది పొడుగునా ఉంటుంది. అందరూ సంక్రాంతికో దసరాకో పెట్టి ఎత్తేస్తే ఆయన ఏడు మెట్ల కొలువు ఇరవై ఏళ్లుగా ఎత్తలేదు. రెండోది, తన దగ్గర ఎప్పుడు కొన్న బొమ్మనైనా మరమ్మత్తుకి తీసుకుంటాడు. చెయ్యి విరిగిన కృష్ణుడు, చక్రం ఊడిన ఎడ్లబండి ముప్పై ఏళ్ల తర్వాత వచ్చినా సరే, కాదనడు. మూడోది, ఒక పెద్ద ఖాతా పుస్తకం. ప్రతి బొమ్మకీ ఓ నంబరు, చేసిన ఊరు, వచ్చిన నెల, ఏ మెట్టు మీద లేదా ఏ అరలో కూర్చుందో అందులో రాస్తాడు. బొమ్మని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి మారిస్తే ఆ సంగతీ ఎక్కిస్తాడు. చూసినవాళ్లకి నవ్వొచ్చే పని. ఈ కేసు తేలింది మాత్రం ఆ పుస్తకంలోనే.

సమస్య ఎలా వచ్చింది

వానాకాలం చివర్లో ముగ్గురు కొనుగోలుదార్లు నెలలోపు బొమ్మలు వెనక్కి తెచ్చారు. అందరిదీ ఒకటే ఫిర్యాదు: "కింద పిండి రాలుతోందండీ." అప్పటికే పెద్దాయన తన వైద్యం తాను చేసుకున్నాడు. చిల్లుల్లోకి సిరంజితో కిరసనాయిలు ఎక్కించాడు, అరల్లో నాఫ్తలిన్ ఉండలు పెట్టాడు. అంతకుముందు ఎండాకాలంలో కొన్నిటిని మేడ మీద ఎండబెట్టాడు. పురుగుమందు కొట్టే వాళ్లని ఒకసారి పిలిపించి గోడల వెంబడి, అరల్లో పిచికారీ కూడా చేయించాడు. ఏదీ పనిచేయక మమ్మల్ని పిలిచాడు.

ఇవి ఎందుకు పనిచేయలేదో తెలియాలంటే బొమ్మ ఎలా తయారవుతుందో తెలియాలి. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. కర్ర చాలా తేలిక, మెత్తన. తల, చేతులు, పీఠం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికి, పైన సున్నం పూసి, ఆపై రంగులేస్తారు. మే నెల ఎండకి కర్ర ఒక తీరున, మక్కు ఇంకో తీరున ముడుచుకుంటాయి. అందుకే మేడ మీద పెట్టిన బొమ్మల్లో ఆరింటికి భుజాల దగ్గర అతుకు విచ్చింది, పురుగు మాత్రం చావలేదు. కిరసనాయిలు సున్నం పూత గుండా పాకి పసుపు మచ్చలు పెట్టింది. సూది దిగిన చిల్లు పురుగు బయటికి వెళ్లిపోయిన దారే కానీ అది ఉన్న చోటు కాదు. పిచికారీ పైపూత మీదే ఆగుతుంది, లోపల తొలిచే లార్వాకి ఆ మందు తగలనే తగలదు. నాఫ్తలిన్ గురించి ఒక్క మాట: పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు దగ్గర దాన్ని పెట్టడమే తప్పు, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా పగిలిపోయే పుట్టు లోపం) ఉన్న పసివాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి రోజే ఆ ఉండలన్నీ తీయించాం.

ఏ పురుగు?

మందు ఆలోచించే ముందు పిండిని చూడాలి. చెద అయితే మట్టి గూళ్లు, మట్టి దారులు కనిపిస్తాయి. ఎండు కర్రని తినే చెద అయితే గసగసాల్లా గట్టి గింజలు రాలతాయి, భూతద్దంలో వాటికి పలకలు తెలుస్తాయి. ఇక్కడ రాలింది వేళ్ల మధ్య నలిపితే ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. చిల్లులు గుండ్రంగా, ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్లు. ఇది పుచ్చు పురుగు, లిక్టస్ జాతి. తల్లి పురుగు నాలుగైదు మిల్లీమీటర్ల పొడవు, గోధుమరంగు, సన్నన. రంగేసిన చోట గుడ్లు పెట్టదు. పూత పడని పచ్చి కర్ర సూక్ష్మరంధ్రాలు వెతుక్కుని వాటిలో పెడుతుంది. లార్వా కర్రలోని గంజిపదార్థం తింటూ నెలల తరబడి లోపలే ఉంటుంది. రెక్కలు వచ్చాకే చిల్లు చేసుకుని బయటపడుతుంది.

బొమ్మలు తిరగేసి చూస్తే సంగతి అర్థమైంది. కొండపల్లి బొమ్మలకి ముందూ వెనకా రంగు ఉంది, పీఠాల అడుగు మాత్రం చాలావాటికి పచ్చి కర్రే. ఏటికొప్పాకవి అంకుడు కర్రవి. తిరిగే తరిణె మీద లక్క కడ్డీ ఒత్తి, ఆ రాపిడి వేడికే కరిగించి పూస్తారు, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. వాటి పైభాగంలో పురుగుకి చోటు దొరకదు. మూతలున్న లక్కపిడతల లోపలి గోడలు మాత్రం కొన్నిట్లో పూత లేకుండా ఉన్నాయి.

తర్వాత చూడాల్సింది, చిల్లు ఉన్న ప్రతి బొమ్మలోనూ పురుగు బతికే ఉందా అన్నది. పదేళ్ల కిందటి చిల్లులోంచి కూడా కదిపితే పిండి రాలుతుంది. అందుకని ప్రతి బొమ్మనీ మెత్తటి కుంచెతో దులిపి, కింద నల్ల చార్టు ముక్క పరిచి, తేదీ పెన్సిల్‌తో రాసి, పదిహేను రోజులు కదపకుండా ఉంచాం. కదపకపోవడమే ఇందులో కీలకం, తుడవడానికి కూడా ముట్టుకోకూడదు. చిల్లులున్నవి మొత్తం 71 (కొండపల్లి 66, ఏటికొప్పాక 5). కొత్త పిండి పడింది 23 కింద మాత్రమే.

మొదటి నిర్ణయం, దానిలో తప్పు

ఎదురుగా నాలుగు దారులున్నాయి. గ్యాస్ పెట్టించడం ఒకటి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు వాడదామని ఎవరో సలహా ఇచ్చారట. కొట్టు పైన కాపురముంది, పక్కగోడ ఇంకొకరిది. ఆ వాయువు ప్రాణాంతకం, మామూలు వ్యక్తులు వాడటానికి అనుమతీ లేదు. పైగా ఇత్తడి, రాగి సామానుని అది తినేస్తుంది. ఆ మాట అక్కడితో ఆపేశాం. రెండోది వేడి. 55 డిగ్రీల వేడి పురుగుని చంపుతుంది కానీ లక్క మెత్తబడుతుంది, మక్కు అతుకులు విచ్చుకుంటాయి, ఎండలో చూసిందే మళ్లీ చూస్తాం. మూడోది బోరాక్స్ ద్రావణం. పచ్చి కర్రకి మంచిదే. రంగు వేసిన బొమ్మలోకి అది దిగదు, పిల్లల నోటికి వెళ్లే వస్తువు మీద పూయకూడదు కూడా. నాలుగోది చలి. మ్యూజియంలలో వాడే పద్ధతి, మందు అవసరం లేదు, బొమ్మ మీద ఏమీ మిగలదు.

చలినే ఎంచుకున్నాం. ఐస్‌క్రీమ్ దుకాణం వాళ్లు వదిలేసిన మూడు వందల లీటర్ల డీప్ ఫ్రీజర్ దొరికింది. మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. ఒక విడతకి పట్టేవి 45 బొమ్మలు. మొత్తం 640 చేయాలంటే పద్నాలుగు పదిహేను విడతలు, ఏడు నెలల పైమాట. అందుకని చిల్లులున్న 71 బొమ్మల్లో ఏటికొప్పాకవి ఐదూ పక్కన పెట్టి, 66 కొండపల్లి బొమ్మలని రెండు విడతల్లో చేసి, తిరిగి వాటి మెట్ల మీదే పెట్టాం.

నాలుగు నెలలకి, ఎండలు ముదరగానే, మళ్లీ పిండి. ఈసారి 14 బొమ్మల కింద. వాటిలో 11 అంతకుముందు ఒక్క చిల్లూ లేనివి.

తప్పు ఎక్కడో అప్పుడు తేటగా కనబడింది. చిల్లు అంటే పురుగు వెళ్లిపోయిందనడానికి గుర్తు. చిల్లు లేనిది పురుగు లేనిది అనుకోవడం తలకిందుల లెక్క. పురుగు శాస్త్రం తెలిసీ, ఫ్రీజరు చిన్నదైందని ఆ లెక్క వేసుకున్నాం. ఇంకో ప్రశ్న మిగిలింది. చలిలో పెట్టి తీసిన మూడు బొమ్మల కింద కూడా పిండి ఉంది. రెండు వారాల మైనస్ 18ని లార్వా తట్టుకుందా? థర్మామీటరు చిట్టా సక్రమంగానే ఉంది. మరి పిండి ఎక్కడి నుంచి?

ఖాతా పుస్తకం చెప్పింది

పెద్దాయన పుస్తకం ముందేసుకుని, మొదటిసారి పిండి రాలిన 23 నంబర్లు ఒక కాగితం మీద, ఇప్పటి 14 ఇంకో కాగితం మీద వేసి, పక్కన మెట్టు సంఖ్య రాశాం. మొదటి 23లో 16 అడుగు మూడు మెట్ల మీదవి. నాలుగు మరమ్మత్తుకి వచ్చినవి. ఇప్పటి 14లో 12 మళ్లీ ఆ మూడు మెట్ల మీదవే. చలిలో పెట్టిన ఆ మూడూ కూడా అక్కడివే.

కొలువు మెట్ల మీద తెల్లటి దుప్పటి పరిచి ఉంటుంది. మన నల్ల కాగితాలు పెట్టింది దుప్పటి పైన. దుప్పటి కింద ఏముందో అప్పటిదాకా ఎవరూ చూడలేదు. అడుగు మెట్టు బొమ్మలు దించి, దుప్పటి ఎత్తి, పలక తిరగేస్తే ఎర్ర గచ్చు మీద గుప్పెడు పిండి కుప్పగా పడింది. మెట్లు మామిడి చెక్కవి. పైకీ ముందుకీ సున్నం రంగు, అడుగు భాగం పచ్చి చెక్క. మామిడి చెక్క పుచ్చు పురుగుకి పెట్టింది పేరు. ఆ మెట్టు లోపల పుట్టిన తల్లి పురుగులు రాత్రిపూట పైకి పాకి, బొమ్మల పీఠాల కింది పచ్చి కర్రలో గుడ్లు పెడుతున్నాయి. చలికి చచ్చినవి చచ్చాయి. కొత్తవి మెట్టులోంచి వచ్చాయి. ఆ మూడు బొమ్మల కింది పిండి వాటి నుంచి రాలిందో, మెట్టు చిల్లులోంచి దుప్పటి నేత గుండా పైకి వచ్చిందో తేల్చలేకపోయాం. రెండిట్లో ఏదైనా చేయాల్సింది ఒకటే.

గోడ వైపు మెట్లలో తేమ 16 శాతం దాకా ఉంది. అయితే తేమ తగ్గిస్తే పురుగు పోతుందనుకోకూడదు. ఈ జాతి ఎనిమిది శాతం తేమ దగ్గర కూడా బతుకుతుంది, కాబట్టి చెక్క ఆరబెట్టి ఊరుకుంటే చాలదు.

పెద్దాయన ఆ రెండు కాగితాలూ చాలాసేపు చూశాడు. "అంటే నేనే వడ్డించానన్నమాట" అన్నాడు.

కొలువు ఎత్తడం

మెట్లు తీసేయాలంటే కొలువు ఎత్తాలి. మొదట్లో ఆయన ససేమిరా అన్నాడు. "పండగ అయిపోయిందని ఇళ్లలో ఎత్తేస్తారండీ. నా కొట్లో పండగ అవ్వదు." ఇక్కడ పురుగు గురించి ఇంకో గంట చెప్పినా లాభం లేదు. ఆయన అడ్డు చెప్తున్నది పురుగు విషయంలో కాదు. అందుకని ఆయన లెక్కలోనే అడిగాం: ఉగాదికి ఎత్తి, దసరా పాడ్యమికి మళ్లీ పెడితే ఎన్ని రోజులు? చైత్ర శుద్ధ పాడ్యమి నుంచి ఆశ్వయుజ శుద్ధ పాడ్యమికి అధికమాసం లేకపోతే ఆరు చాంద్రమాన మాసాలు, ఇంచుమించు 177 రోజులు. కొండపల్లివీ తక్కినవీ కలిపి 450లో చలికి పనికిరానివి తీసేస్తే పది విడతలు. ఒక్కో విడత నింపడం, పద్నాలుగు రోజుల చలి, బయట ఒక రోజు కలిపి పదహారు రోజులు. మొత్తం 160. పదిహేడు రోజులు చేతిలో మిగులు.

ఆ లెక్కకి ఆయన ఒప్పుకున్నాడు. కొన్ని ఇళ్లలో కొలువు చివరి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టే ఆనవాయితీ ఉంది. ఉగాది సాయంత్రం ఆయన ఒక ఆవుదూడ బొమ్మని పడుకోబెట్టి, మర్నాడు దుప్పటి తనే మడిచాడు.

చలి విడత ఎలా చేశాం

బొమ్మని మొదట పాత నూలు గుడ్డలో చుట్టాలి. చల్లబడేటప్పుడు గాలిలోని తేమని ఆ గుడ్డ పీల్చుకుంటుంది. ఇది మానేస్తే సున్నం పూత మీద నీరు పేరుకుంటుంది. తర్వాత వంద మైక్రాన్ల మందం పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి నొక్కి తీసి, మూతి మడిచి టేపు వేయాలి. ప్లాస్టిక్ దగ్గర పెద్దాయనతో ఒక పూట వాదన జరిగింది. "కొట్లోకి రాదు, పెరట్లో ఉంటుంది" అన్నాక సరేనన్నాడు. ఫ్రీజరు పెరట్లోకి పోయింది.

ఫ్రీజరు ముందే మైనస్ 20కి దిగి ఉండాలి. నెమ్మదిగా చల్లబడితే పురుగు చలికి అలవాటు పడుతుంది. థర్మామీటరు మొనని ఫ్రీజరు గోడకి కాకుండా మధ్యలో ఉన్న సంచి లోపల, బొమ్మ పక్కన పెట్టాలి. అది మైనస్ 18 చూపిన గంట నుంచే రోజులు లెక్క. పొణికి తేలిక కర్ర, వేడిని పట్టుకుంటుంది, కింది బొమ్మలు ఆ అంకెకి రావడానికి ఒక రోజు పట్టింది.

తీసిన తర్వాత సంచి 24 గంటలు విప్పకూడదు. బయటి తేమ సంచి మీద చెమటలా పడుతుంది, విప్పితే అది బొమ్మ మీద పడుతుంది. గడ్డకట్టిన బొమ్మని చేత్తో పట్టుకోకూడదు కూడా, ఎనామిల్ రంగు ఆ చలికి పెళుసెక్కి ఉంటుంది. మూడో విడతలో ఒక సహాయకుడు ఏనుగు అంబారీని తొందరపడి ఎత్తితే కోణం దగ్గర రంగు పెచ్చు లేచింది.

కరెంటు కోతలు అసలు తలనొప్పి. మూత తెరవకపోతే ఫ్రీజరు కొన్ని గంటలు నిలుస్తుంది. పెట్టుకున్న నియమం ఇది: లోపలి అంకె మైనస్ 15 దాటి పైకొస్తే ఆ రోజు లెక్కలోకి రాదు. సున్నా దాటితే ఆ విడత మొదటి నుంచి. గాలివానకి ఒకసారి రాత్రంతా కరెంటు పోయి, ఐదో విడత మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. మిగులు పదిహేడు రోజుల్లో ఎక్కువ భాగం అక్కడే పోయాయి.

లక్క బొమ్మలకి చలి వద్దనుకున్నాం. లక్క పెళుసు, కర్ర ఒకలా, పైపూత ఇంకొకలా ముడుచుకుంటే నెరియలు పడతాయి. ఏటికొప్పాకలో చిల్లులున్న ఐదూ, అడుగు మూడు మెట్ల మీద కూర్చున్న 29, మొత్తం 34 బొమ్మలకి ఆక్సిజన్ లేకుండా చేసే పద్ధతి వాడాం. మామూలు పాలిథీన్ దీనికి పనికిరాదు, దాని గుండా ఆక్సిజన్ దూరుతుంది. అల్యూమినియం పొర ఉన్న సంచి కావాలి. లెక్క తేలికే: పన్నెండు లీటర్ల సంచిలో గాలిలో 21 శాతం ఆక్సిజన్, అంటే రెండున్నర లీటర్లు. ఒక్కోటి 500 మిల్లీలీటర్ల ఆక్సిజన్ పీల్చే పొట్లాలు ఐదు చాలు, కర్ర రంధ్రాల్లోని గాలి కోసం, కొలత తప్పుల కోసం ఎనిమిది వేశాం. పొట్లాలు పనిచేసేటప్పుడు కాస్త వేడెక్కుతాయి, అందుకని లక్కకి తగలకుండా గుడ్డ అడ్డం పెట్టాలి. రంగు మారే బిళ్ల ఒకటి సంచిలో కనబడేలా ఉంచాలి. గులాబీ అయితే సరే, నీలమైతే గాలి దూరినట్టు. మొదటి సంచిలో బిళ్ల మూడో రోజుకి నీలమైంది, అతుకులో గుడ్డ దారం ఇరుక్కుంది. తర్వాతివి రెండు గీతలు అతికించాం. వేసవి వేడి ఇక్కడ మనకి అనుకూలం: 30 డిగ్రీల దగ్గర పురుగు ఊపిరి ఎక్కువ, త్వరగా చస్తుంది. అయినా మూడు వారాలు పూర్తిగా ఉంచాం.

పాత బొమ్మల్లో పన్నెండింటికి సున్నం పూత ముందే నెరియలిచ్చి ఉంది, చలికి పనికిరావు. వాటిలో ఎనిమిదింటిని ఆక్సిజన్ లేని సంచుల్లో పెట్టాం. మిగతా నాలుగు నీలం దేవుళ్లు. పాత నీలాల్లో ప్రష్యన్ బ్లూ ఉంటే ఆక్సిజన్ లేని చోట అది వెలిసిపోతుంది. ఆ నీలమేదో తేల్చే పరీక్ష చేతిలో లేదు. చలీ వద్దు, సంచీ వద్దు అనుకుని నాలుగింటినీ అద్దం మూత ఉన్న పెట్టెల్లో, నల్ల కాగితం మీద, ఏడాది విడిగా ఉంచాం. పిండి పడలేదు.

తిరిగి పెట్టేటప్పుడు

పాత మెట్లు కాల్చేశాం. ఇనప చట్రం చేయిద్దామంటే "దేవుళ్లని ఇనప మెట్లెక్కించనండీ" అన్నాడు. పాత ఇల్లు కూల్చినప్పుడు దొరికిన టేకు చేవ (మాను లోపలి గట్టి చెక్క) పలకలు కొన్నాం. ఈ పురుగుకి చేవ పడదు, పాల చెక్క కావాలి. అంచుల్లో తెల్లగా ఉన్న పాల చెక్కని వడ్రంగి చేత చెక్కించేశాం. మెట్లు గోడకి నాలుగంగుళాల దూరంలో, చీపురు దూరేలా పెట్టాం.

ప్రతి బొమ్మ అడుగునీ స్పిరిట్ పాలిష్‌తో మూశాం: అర లీటరు స్పిరిట్‌లో వంద గ్రాముల లక్క రేకులు రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, రెండు గంటల ఎడంతో రెండు పూతలు. రంధ్రం మూసుకుపోతే గుడ్డు పెట్టే చోటుండదు. పాత చిల్లుల్ని మక్కుతో మూయలేదు, రంగు కలిపిన తేనెమైనంతో మూశాం. మక్కులో చింతగింజల పిండి ఉంది, అది వేరే పురుగులకి తిండి. పాత చిల్లులన్నీ మూసేస్తే ఇంకో సుఖం ఉంది: రేపు చిల్లు కనబడితే అది కొత్తదే, అనుమానం ఉండదు.

మరమ్మత్తులు మానమని ఆయన్ని అడగలేదు, అడిగినా మానడు. వచ్చిన బొమ్మ తిన్నగా మెట్టెక్కడం మాత్రం ఆపాం. గడప దగ్గర మూత ఉన్న చెక్కపెట్టె, అడుగున నల్ల చార్టు. బొమ్మ ముందు అందులో ఇరవై రోజులు. పిండి పడకపోయినా ఒక చలి విడత అయ్యాకే లోపలికి. పుస్తకంలో దీనికో కొత్త గడి గీశాడు పెద్దాయన, దాని పేరు "పురిటిగది".

దసరా పాడ్యమికి కొలువు మళ్లీ పెట్టారు. దుప్పటి కింద, ప్రతి మెట్టు అడుగునా నల్ల కాగితం ఉంది. వచ్చిన రెండు వేసవుల్లో మెట్ల మీద బొమ్మల కింద గానీ, మెట్ల కింద గానీ పిండి పడలేదు. పురిటిగదిలో మూడుసార్లు పడింది. చివరిది ఒక కల్లుగీత బొమ్మ, తాటిచెట్టు మొదట్లో రెండు చిల్లులు, తొమ్మిదో రోజుకి చిటికెడు పిండి. ప్రస్తుతం పెరట్లో మైనస్ 18లో ఉంది.